దిద్దిన పేపర్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? పెద్దల ఇంటర్ దూరవిద్యలో అసలు ప్రశ్న

పదో తరగతితోనో ఇంటర్ మధ్యలోనో చదువు ఆగిపోయినవాళ్లు ముప్పై, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పుస్తకం పట్టడం అరుదేమీ కాదు. ప్రమోషన్‌కు సర్టిఫికెట్ అడిగారనో, నర్సింగ్ లాంటి కోర్సుకు ఆ అర్హత తప్పనిసరి అనో, ఏళ్ల తరబడి మనసులో ఉండిపోయిన లోటు తీర్చుకోవాలనో చేరతారు. ఉద్యోగం, ఇల్లు వదిలి రోజూ తరగతికి వెళ్లడం కుదరదు కాబట్టి చాలామందికి దూరవిద్యే దారి. చేరడం తేలిక. చివరిదాకా రావడమే కష్టం.

మధ్యలో ఆపేసినవాళ్ల మాట వస్తే రెండు కారణాలు చెబుతుంటారు. టైమ్ లేదు, పట్టుదల లేదు. మొదటిది సగం నిజం. రెండోది చాలాసార్లు అన్యాయం. షిఫ్టుల మధ్య వీలు చూసుకుని, పాత మార్కుల మెమోలు వెతికి తెచ్చి, ఫీజు కట్టి చేరిన మనిషికి పట్టుదల లేదని ఎలా అంటాం? అంతకంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రాసి పంపిన అసైన్‌మెంట్ దిద్దుబాట్లతో ఎప్పుడు తిరిగొస్తోంది? ఒక లెక్క దగ్గర ఆగిపోయిన మనిషి మళ్లీ కదలడానికి ఎన్ని రోజులు పడుతోంది? ఈ వ్యవధి పెరిగేకొద్దీ మానేసేవాళ్లు పెరుగుతారు. అది విద్యార్థి చేతిలో ఉండే విషయం కాదు.

దూరవిద్య మొదలైన తీరులోనే ఈ సంగతి కనిపిస్తుంది. 1840లో ఇంగ్లండ్‌లో ఐజాక్ పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్‌ను పోస్టు ద్వారా నేర్పడం మొదలుపెట్టాడు. దేశంలో ఎంత దూరమైనా ఒక్క పెన్నీకే మామూలు ఉత్తరం వెళ్లే ఏర్పాటు కూడా అదే ఏడాది వచ్చింది. పాఠాన్ని అచ్చువేసి పంపడంలో వింతేమీ లేదు, పుస్తకాలు అప్పటికి శతాబ్దాలుగా ఉన్నాయి. విద్యార్థులు బైబిల్ వాక్యాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పంపితే, వాటిని దిద్ది వెనక్కి పంపడమే అందులో కొత్త. చౌక పోస్టు వల్ల సాధ్యమైంది ఈ రాకపోకలే. ఇప్పుడు వీడియో పాఠాలు, యాప్‌లు చూపించి ఆధునిక దూరవిద్య అంటున్న సంస్థల్లో కొన్ని ఈ విషయంలో 1840 కంటే వెనకే ఉన్నాయి. పాఠం క్షణంలో చేరుతుంది, దిద్దుబాటు మాత్రం రాదు.

స్వీడన్‌లోని మాల్మోలో 1898లో హాన్స్ స్వెన్సన్ హెర్మోడ్ పెట్టిన కరస్పాండెన్స్ సంస్థ తర్వాతి కాలంలో ఐరోపాలోనే పేరుమోసిన దూరవిద్య సంస్థల్లో ఒకటైంది. దానికి కొంతకాలం సారథిగా ఉన్న బోర్యె హోల్మ్‌బెర్గ్, దూరవిద్య పాఠం విద్యార్థితో మాట్లాడుతున్నట్టు ఉండాలని వాదించాడు. పుస్తకంలోని భాష సంభాషణలా సాగాలి, అసైన్‌మెంట్ మీద రాసే వ్యాఖ్య ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పినట్టుండాలి అన్నది ఆయన అభిప్రాయం. ఎర్ర సిరాతో ‘తప్పు’ అని గీత గీసి పంపితే అది దిద్దుబాటు కాదు. ఎక్కడ దారి తప్పిందో, తర్వాత ఏం చదవాలో రెండు వాక్యాల్లో చెప్పాలి.

మరి ఆ రెండు వాక్యాలు ఎంత త్వరగా రావాలి? నార్వేలోని ఎన్‌కేఐ అనే దూరవిద్య సంస్థలో టోర్‌స్టైన్ రెక్కెడాల్ 1970ల తొలినాళ్లలో దీనిమీద ఒక సూటి ప్రయోగం చేశాడు. కొందరి అసైన్‌మెంట్లను మామూలు వేగంతోనే దిద్ది పంపారు. ఇంకొందరివి వారంలోపే తిరిగి చేరేలా చూశారు. త్వరగా అందుకున్నవాళ్లలో కోర్సు పూర్తి చేసినవాళ్లు గణనీయంగా ఎక్కువ ఉన్నారు. దీని పక్కనే స్వీడన్‌లో జాన్ బోట్ చేసిన ప్రయోగాలను కూడా పెట్టి చూడాలి. అసైన్‌మెంట్ల సంఖ్య పెంచినంత మాత్రాన స్పష్టమైన లాభం ఆయనకు కనిపించలేదు. రెండూ కలిపి చూస్తే అర్థమయ్యేది ఏమిటంటే, పని ఎక్కువ ఇవ్వడం వేరు, ఇచ్చిన పనికి స్పందించడం వేరు. చాలా సంస్థలు మొదటిది చేసి రెండోది చేశామనుకుంటాయి.

అమెరికాలో పనిచేసిన విద్యావేత్త మైఖేల్ మూర్ దీనికే ఒక సిద్ధాంతరూపం ఇచ్చాడు. గురువుకూ విద్యార్థికీ మధ్య అసలు దూరం కిలోమీటర్లలో లేదని, కోర్సు ఎంత బిగువుగా ఉంది, ఎంత సంభాషణకు చోటిస్తోంది అన్నదాని మీద ఉందని ఆయన వివరించాడు. సంభాషణ తగ్గిన కోర్సులో విద్యార్థి తన చదువును తానే నడుపుకోవాల్సిన భారం పెరుగుతుంది. పదిహేనేళ్ల కిందట బడి మానేసిన మనిషి మీద మొదటి నెలలోనే ఆ భారమంతా పెట్టడం ఎంత సబబు?

ఈ ఆలస్యం ఎక్కడ ఎక్కువ దెబ్బతీస్తుందో చూడాలంటే లెక్కల దగ్గరికి రావాలి. చరిత్ర, సామాజిక శాస్త్రాలు, భాష లాంటి సబ్జెక్టుల్లో పెద్దవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. లోకం చూసి ఉంటారు, జీతం, పన్ను, ఎన్నిక, అప్పు అంటే ఏమిటో తెలుసు. ఒక అధ్యాయం సరిగా అర్థం కాకపోయినా తర్వాతి అధ్యాయం చదవగలరు. లెక్కల్లో అలా కుదరదు. బీజగణితం రాకపోతే త్రికోణమితి రాదు, త్రికోణమితి రాకపోతే కలనగణితం తలుపే తీయదు. పెద్దవాళ్లకు కూడికలు, శాతాలు, వడ్డీలు బాగానే వస్తాయి. మరిచిపోయేది భిన్నాలు, ఋణ సంఖ్యలు, సమీకరణంలో ఒక పదాన్ని ఇటు నుంచి అటు మార్చడం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసేయడం చాలా సాధారణమైన పొరపాటు. మూడు, నాలుగు కలిపి వర్గం చేస్తే 49. విడివిడిగా వర్గాలు చేసి కలిపితే 25. తరగతి గదిలో అయితే బోర్డు మీద ఈ రెండు అంకెలు రాసి టీచర్ నిమిషంలో సరిచేస్తారు. ఒంటరిగా చదువుకునే మనిషి ఆ తప్పునే వర్గ సమీకరణాల్లోకీ, నిరూపక జ్యామితిలోకీ మోసుకెళ్తాడు. ప్రతిచోటా జవాబు తప్పొస్తుంది, ఎందుకు తప్పొస్తోందో తెలియదు. ఆరు వారాల తర్వాత దిద్దిన పేపర్ వచ్చేసరికి ‘నా బుర్రకు లెక్కలు ఎక్కవు’ అనే తీర్మానం అయిపోయి ఉంటుంది. ఆ పేపర్‌లో ఎంత మంచి వ్యాఖ్య ఉన్నా దాన్ని విప్పి చదివే ఓపిక మిగలదు.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ విద్యార్థికి సందేహమే రాలేదు. సరిగానే చేస్తున్నాననుకున్నాడు. అందుకే ‘సందేహాలుంటే అడగండి’ అని హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లు ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబిస్తున్నాయి కాబట్టి ఈ సమస్య తీరిపోయిందనే వాదన వినిపిస్తోంది. కొంత తీరిన మాట నిజమే. అర్ధరాత్రి పదకొండున్నరకు, పిల్లలు పడుకున్నాక, ఒక సూత్రం మళ్లీ వివరించమని అడిగితే విసుక్కోకుండా వివరించేది ఒకటి ఉండటం చిన్న విషయం కాదు. కానీ అడిగినదానికే అది చెబుతుంది, అప్పుడప్పుడు తప్పును కూడా నమ్మకంగా చెబుతుంది. అడగడానికి ఏమీ లేదనుకునే మనిషి తప్పు పట్టుకోవాలంటే ఆ మనిషి రాసిన పనిని ఎవరో ఒకరు చూడాలి, అదీ వారంలోపు.

ఇక టైమ్ సంగతి. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి రెండు వందల గంటల చదువు అనుకుందాం. మొత్తం వెయ్యి గంటలు. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషి వారానికి ఎనిమిది గంటలు కేటాయించగలిగితే 125 వారాలు పడుతుంది, అంటే దాదాపు రెండున్నర ఏళ్లు. ఒక్క వారం కూడా జ్వరాలు, పెళ్లిళ్లు, ఓవర్‌టైమ్ లేకుండా సాగితే వచ్చే లెక్క ఇది. ఏడాదిలో పూర్తి చేయిస్తామనే ప్రకటనలు చూసి చేరేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. చెబితే కొందరు చేరరేమో, కానీ చేరినవాళ్లు నాలుగో నెలలో ‘నేను వెనకబడ్డాను’ అని బెంగపడరు.

టైమ్ తక్కువ కాబట్టి పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలి, ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకోనివ్వాలి అనిపించడం సహజం. అనుభవం దీన్ని అంతగా బలపరచదు. తేదీ లేని పని రేపటికి జరుగుతుంది, రేపటి పని పైవారానికి. పెద్దవాళ్ల రోజులో మిగతా ప్రతిదానికీ ఎవరో ఒకరు తేదీ పెట్టే ఉంటారు, బాస్ కావచ్చు, బడి కావచ్చు, బ్యాంకు కావచ్చు. తేదీ లేనిది చదువొక్కటే అయితే ముందు పక్కకు పోయేదీ అదే. అందుకే ఎక్కువకాలం నిలిచిన వ్యవస్థలు చాలావాటిలో స్వేచ్ఛతో పాటు కొన్ని ఖాయమైన కలయికలు కూడా కనిపిస్తాయి. దక్షిణ కొరియాలో 1974లో మొదలైన ప్రసార, కరస్పాండెన్స్ హైస్కూళ్లు మామూలు హైస్కూళ్లకు అనుబంధంగా ఏర్పడ్డాయి. అప్పట్లో పాఠాలు రేడియోలో వచ్చేవి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో వస్తున్నాయి. కొన్ని ఆదివారాలు మాత్రం బడికి స్వయంగా వెళ్లాలి. జపాన్‌లో కరస్పాండెన్స్ హైస్కూలు చదువు మూడు కాళ్ల మీద నడుస్తుంది: రాసి పంపే రిపోర్టులు, నిర్ణీత గంటలపాటు ముఖాముఖి తరగతులు, పరీక్షలు. పట్టా రావాలంటే కనీసం 74 క్రెడిట్లు, అంటే పూర్తి చేసిన సబ్జెక్టులకు లెక్కగట్టే పాయింట్లు, కావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పనిచేసే యువత కోసం మొదలైన ఈ బడుల్లో ఇప్పుడు ఎక్కువగా చేరుతున్నది మామూలు స్కూల్లో ఇమడలేకపోయిన టీనేజర్లు. పెద్దల కోసం అమర్చిన ఏర్పాటు పిల్లలకూ పనికొచ్చిందన్నమాట.

2014లో మొదలైన మెక్సికో ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సు ప్రెపా ఎన్ లీనియా ఈ విషయంలో ఇంకో దారి పట్టింది. మొత్తం 23 మాడ్యూళ్లు, రెండేళ్ల నాలుగు నెలల కోర్సు. ఐదారు సబ్జెక్టులు ఒకేసారి మీద పడవు, మాడ్యూల్ తర్వాత మాడ్యూల్ వస్తుంది. పైగా పాఠం సంగతి చూసేవాళ్లు వేరు, విద్యార్థి చదువుతున్నాడా ఆగిపోయాడా అని కనిపెట్టి ఉండే ట్యూటర్ వేరు. ఈ రెండో మనిషి విలువను బయటివాళ్లు గుర్తించడం కష్టం. ఆ ట్యూటర్ కెమిస్ట్రీ చెప్పనక్కర్లేదు. రెండు వారాలుగా లాగిన్ కాని విద్యార్థికి ‘అంతా బాగానే ఉందా?’ అని ఒక మెసేజ్ పెడితే చాలు.

పాసైన సబ్జెక్టును దాచిపెట్టుకునే వీలు కూడా పెద్దలకు చాలా అవసరం. భారతదేశంలో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అందరికీ తెలిసిన పేరు ఎన్‌ఐఓఎస్, 1979లో సీబీఎస్ఈ ప్రాజెక్టుగా మొదలై 1989లో స్వతంత్ర సంస్థ అయింది. అక్కడ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ వ్యవధిలో పబ్లిక్ పరీక్షలకు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టే రాసి పాసవుతూ పోవచ్చు. వేరే బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు షరతులకు లోబడి తెచ్చుకోవచ్చు. బ్రెజిల్‌లో 2002లో మొదలైన ఎన్సేజా పరీక్షలో కూడా అంతే. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఇంటర్ స్థాయి పరీక్ష రాసి, గట్టెక్కిన విభాగాన్ని పక్కన పెట్టుకుని, మిగతావి తర్వాత రాసుకోవచ్చు. ఒక్కసారి అన్నీ గట్టెక్కాలి, లేకపోతే మొదటికి రావాలి అనే పద్ధతి పదిహేడేళ్ల కుర్రాడికే కష్టం. రాత్రి డ్యూటీ చేసే నలభై ఏళ్ల మనిషికి అది శిక్షే. అయితే తొమ్మిది అవకాశాలు ఉన్నాయన్న ధైర్యమే మొదటి మూడింటిని వృథా చేయించగలదు. వెసులుబాటు ఇచ్చే వ్యవస్థ ‘ఈసారి ఏ రెండు సబ్జెక్టులు రాస్తున్నారు?’ అని అడగడం కూడా నేర్చుకోవాలి.

చదువుతో నిమిత్తం లేకుండా పరీక్ష ఒక్కటే పెట్టి సర్టిఫికెట్ ఇస్తే సరిపోదా అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. అమెరికాలోని జీఈడీ అలాంటిదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, స్కూలు చదువు మధ్యలో వదిలి సైన్యంలో చేరినవాళ్ల కోసం దాన్ని తయారుచేశారు. ఇప్పుడు లెక్కలు, భాష, సైన్స్, సామాజిక శాస్త్రాలు అనే నాలుగు పరీక్షలు ఉన్నాయి. ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించి ఇబ్బందికరమైన విషయం చెప్పారు. జీఈడీ పాసైనవాళ్ల తెలివితేటలు కాలేజీకి వెళ్లని హైస్కూలు పట్టభద్రులకు దీటుగానే ఉన్నాయి, కానీ సంపాదనలో మాత్రం సగటున హైస్కూలు మానేసినవాళ్లకు దగ్గరగా ఉన్నారు. పరీక్ష కొలవని గుణాలు, అంటే పనిని చివరిదాకా లాక్కురావడం, వేళకు హాజరవడం లాంటివి జీవితంలో లెక్కకొస్తున్నాయని వాళ్లు వాదించారు. దీన్ని పట్టుకుని పెద్దల సర్టిఫికెట్లను తక్కువ చేయడం తొందరపాటు. సగటు లెక్క ఏ ఒక్క మనిషి గురించీ తీర్పు కాదు, పై చదువుకు ఆ సర్టిఫికెట్ తలుపు తీస్తుందన్నదీ నిజమే. కానీ ఒకటి ఆలోచించాలి. రెండేళ్లపాటు వారం వారం పని రాసి పంపి, దిద్దించుకుని, మళ్లీ రాసిన మనిషి ఆ పరీక్ష కొలవని గుణాలను కూడా అలవాటు చేసుకునే అవకాశం ఉంది. గైడు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినవాళ్లకు ఆ అవకాశం దొరకదు.

అసైన్‌మెంట్ల విషయంలో ఒక అసౌకర్యమైన నిజం కూడా ఒప్పుకోవాలి. వాటికి మార్కులుంటే నకళ్లు పుడతాయి. రాసిపెట్టిన జవాబులు అమ్మేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు, ఇప్పుడు ఆ పని యంత్రం ఉచితంగా చేస్తోంది. దీనికి భయపడి అసైన్‌మెంట్లే తీసేసిన సంస్థలు వ్యాధితో పాటు మందును కూడా పారేశాయి. వాటికి మార్కులు తక్కువ పెట్టి, దిద్దుబాటు ఎక్కువ చేయడం మేలు. కాపీ కొట్టినా లాభం లేని చోట కాపీ తగ్గుతుంది.

చివరి పరీక్ష మాత్రం ఎక్కడైనా చాలావరకు హాల్లో కూర్చుని రాసేదే. దీనికి సిలబస్‌తో సంబంధం లేని తయారీ ఒకటి కావాలి. ఏళ్లుగా ఫోన్ కీబోర్డు తప్ప పెన్ను పట్టని చేతికి మూడు గంటలు ఆగకుండా రాయడం శారీరక శ్రమే. మొదటి గంటకే వేళ్లు నొప్పి పుడతాయి, అక్షరం చెడుతుంది, ఆఖరి రెండు ప్రశ్నలు తెలిసినవైనా మిగిలిపోతాయి. పక్కన పద్దెనిమిదేళ్ల పిల్లలు గబగబా అడిషనల్ షీట్లు అడుగుతుంటే వచ్చే టెన్షన్ వేరే. ఇంట్లో గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు కాగితం మీద రాసి చూడటం ఇందుకే. ప్రాక్టికల్స్ ఉన్న సైన్స్ సబ్జెక్టులు తీసుకుంటే ల్యాబ్ ఎక్కడ, ఎన్ని రోజులు, సెలవు దొరుకుతుందా అన్నది చేరకముందే తేల్చుకోవాలి.

మరి దిద్దుబాటు అంత ముఖ్యమైతే సంస్థలు దాన్ని ఎందుకు వెనక్కి నెడతాయి? డబ్బు లెక్క. పుస్తకం, వీడియో, వెబ్‌సైట్ ఒకసారి తయారుచేస్తే వెయ్యి మంది వాడినా లక్ష మంది వాడినా ఖర్చు పెద్దగా పెరగదు. ట్యూటర్ ఖర్చు అలా కాదు, పేపర్ల సంఖ్య రెట్టింపైతే దిద్దేవాళ్లూ రెట్టింపు కావాలి. దూరవిద్య చౌక అనే మాట మొదటి రకం ఖర్చును చూసి పుట్టింది. అందుకే బడ్జెట్ తగ్గినప్పుడు ముందు కోత పడేది దిద్దేవాళ్ల మీద. కొత్త యాప్ ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది, వారంలోపు తిరిగొచ్చిన పేపర్‌కు ఉండదు. చేరినవాళ్ల సంఖ్యను గొప్పగా ప్రకటించే చోట పూర్తి చేసినవాళ్ల సంఖ్యను కూడా అదే పేజీలో వేయాలనే నిబంధన ఉంటే ఈ ప్రాధాన్యాలు కొంతైనా మారతాయి.

చేరాలనుకునేవాళ్లు ఆ నిబంధన కోసం ఎదురుచూడలేరు. బోర్డుకు గుర్తింపు ఉందా, ఆ తర్వాత చేరాలనుకుంటున్న కోర్సు ఈ సర్టిఫికెట్‌నూ ఎంచుకున్న సబ్జెక్టులనూ ఒప్పుకుంటుందా అన్నది ముందు ఆ తర్వాతి కాలేజీనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏజెంట్ మాట మీద ఆగకూడదు. తర్వాత సంస్థనే అడగాలి. అసైన్‌మెంట్ దిద్ది పంపడానికి ఎన్ని రోజులు? మార్కు మాత్రమే వేస్తారా, వ్యాఖ్య రాస్తారా? నెల రోజులు కనిపించకపోతే ఎవరైనా ఫోన్ చేస్తారా? ఫీజు కట్టకముందే వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి లెక్కల్లో ఒక చిన్న సందేహం అడిగి చూడొచ్చు. ఎవరెవరికి కలిపారో, ఏం చెప్పారో, తిరిగి ఫోన్ ఎప్పుడొచ్చిందో రాసిపెట్టుకోవాలి. వారమైనా ఫోన్ రాకపోతే ఇంకో సంస్థ ప్రాస్పెక్టస్ తెప్పించుకోవడమే.